కన్యకమ్మ మెషీన్లో కడప డిస్కు

వేంపల్లె,
3 మార్చి 2008, సోమవారం.

చిరంజీవి హబీబుకు కన్యకా కోల్డ్ స్టోరేజి కన్యకమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం కాదు. నీ క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక నువ్వే చూసుకో.

ఫోన్ చేయొచ్చు గదా అంటావేమో. ఫోన్లో తిడితే తిట్టినంతసేపే ఉంటుంది. కాగితం మీద తిడితే నువ్వు మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. అందుకే ఇది కడప బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

మా గదుల్లో చల్లదనం చూసుకునే కంప్యూటరు మెషీను బాగోగులు నీవేనని ఏడాదికి ఒప్పందం రాసిచ్చావు. అందులో "మెషీను ఆగితే ఇంజనీరు వచ్చి సరిచేయును" అని ఉంది. ఎండలు ముదరకముందే కరెంటు కోతలు మొదలయ్యాయి. కరెంటు పోతే జనరేటరు వేస్తాం. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. నీ మెషీను మాత్రం నల్లటి తెర మీద ఒక తెల్ల గీత ఆడించుకుంటూ కూర్చుంటుంది. అది లేస్తే గాని కంప్రెసరు ఆడదు. మేము నెత్తీ నోరూ కొట్టుకుంటూ ఉండగానే, మనిషి చెయ్యి పడకుండా, దానంతటదే ఆరిపోయి దానంతటదే లేస్తుంది. మా వాచ్‌మన్ ఉరుకుందు దానికి దూరం నుంచే దండం పెట్టి, "అమ్మా, దీంట్లో ఏందో దూరుండాది. నేనీడ పండుకోను" అని మంచం గేటు దగ్గరికి మోసుకుపోయాడు.

నువ్వు మాత్రం రాలేదు. మీ నాయన ఖాసిం సాహెబ్ మా కంప్రెసరు చూసే రోజుల్లో కబురు పంపితే పానా చేతపట్టుకుని దిగేవాడు. మోచేతులదాకా గ్రీసు. పని అయ్యాక చేతులు కడుక్కుని, మా వసారాలో బొరుగుల ఉగ్గాని తిని, "ఇంగ పోయొస్తానమ్మా" అని చెప్పి పోయేవాడు. పని చేయడమంటే అది.

లోపల కమలాపురం సుంకమ్మ చీనీకాయలు ఉన్నాయి. ఆమె బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్ళు పోసి నిలబెట్టుకున్న కాపు ఇది. ఉగాది దాటాక ధర పలికితే అమ్మి, కొత్త బోరు వేయించి చెట్లను బతికించుకోవాలని ఆమె ఆశ. కాయ పోతే బోరు లేదు, బోరు లేకపోతే తోట లేదు. "నీ గదిలో పెడితే నా కాయకు భయం లేదు గదా కన్యకమ్మా?" అని అడిగింది. లేదని ఈ నోటితోనే చెప్పాను.

కాబట్టి వెంటనే బయల్దేరి రా.

ఇట్లు,
కన్యకమ్మ.

తా.క. వస్తే భోజనం ఇక్కడే. రాకపోతే ఒప్పందం చించి ఇదే కండక్టరుతో పంపుతాను. ముక్కలు అతికించుకుని చదువుకో.


కడప,
5 మార్చి, బుధవారం.

పూజ్యులు కన్యకమ్మ గారికి హబీబు నమస్కరించి రాయునది.

అమ్మా, మీ మెషీన్లో దూరింది దయ్యం కాదు, నేనే. ఉరుకుందుకు చెప్పి మంచం లోపల వేయించండి.

మా ఆఫీసు కంప్యూటర్లో ఒక డిస్కు నకలు ఉంది. చేత్తో పట్టుకునే డిస్కు కాదు, దాంట్లో ఉండేదంతా ఎత్తి రాసిపెట్టుకున్న నకలు. మీ మెషీను వెనక ఎప్పుడూ పచ్చ దీపం వెలిగే చిన్న కార్డు ఒకటి ఉంది చూడండి. మెషీను పడుకున్నా ఆ కార్డు మేలుకునే ఉంటుంది. నేను కడపలో కూర్చుని, నెట్ వైరు మీదుగా నా నకలును ఆ కార్డుకు అందిస్తాను. అది మెషీనుతో "ఇదిగో, నీకు యూఎస్‌బీ డిస్కు పెట్టారు, దీంతో లే" అంటుంది. పాపం, మెషీను నమ్మి లేస్తుంది. నిజానికి అక్కడ డిస్కు ఏమీ ఉండదు. లేనిది ఉన్నట్టు చూపిస్తాం, అంతే.

నేను బస్సెక్కి వచ్చేలోపు కాయలు వేడెక్కుతాయి. ఇట్లయితే మీరు జనరేటరు వేసి కాఫీ తాగేలోపు పని అయిపోతుంది. సుంకమ్మ గారి కాయలకు వచ్చిన భయమేమీ లేదు.

మీ విధేయుడు,
హబీబు.

తా.క. మీ మెషీన్లో ఇప్పటికే వేరే డిస్కు ఏదో పెట్టి ఉన్నట్టు నాకు ఇక్కడ కనిపిస్తోంది. కరెంటు వచ్చినప్పుడల్లా మెషీను ముందు దాన్నే చూసి, లేవడానికి అందులో ఏమీ దొరక్క అక్కడే ఆగిపోతోంది. జబ్బంతా అదే. ఆ వరుస మార్చే సెట్టింగుకు మెషీను అమ్మినవాళ్ళు పాస్‌వర్డ్ పెట్టి, అది చెప్పకుండా కంపెనీయే ఎత్తేశారు. దయచేసి ఆ డిస్కు తీయించండి.


వేంపల్లె,
7 మార్చి, శుక్రవారం.

హబీబుకు కన్యకమ్మ రాయునది. ఈసారి దీవెనలు లేవు.

"లేనిది ఉన్నట్టు చూపిస్తాం, అంతే" అని రాశావు. అంతేనా? గిడ్డంగి వ్యాపారంలో ఆ మాటకు అర్థమేమిటో తెలుసా నీకు? పక్క ఊళ్ళో ఒక పెద్దమనిషి పొట్టు నింపిన బస్తాలు పేర్చి, పైన నాలుగు వరసలు మాత్రం వేరుశనక్కాయ బస్తాలు వేసి, గోడౌను నిండా సరుకుందని బ్యాంకువాళ్ళకు చూపించాడు. ఆయన కూడా లేనిది ఉన్నట్టు చూపించాడు, అంతే. ఇప్పుడు జైల్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు.

మా మామగారి కాలం నుంచి ఈ కప్పు కింద ఉన్నదే చూపించాం. రేపు తనిఖీ ఆఫీసరు వచ్చి "అమ్మా, మీ మెషీను దేంతో నడుస్తాంది?" అని అడిగితే, "లేనిదాంతో నడుస్తాంది సార్" అనాలా? పైగా పాపం మెషీను నమ్ముతుందట! నమ్మినదాన్ని మోసం చేయడానికి నీకు ఏడాది ఒప్పందం కావలసి వచ్చిందా?

నీ రాకపోకలకు మందు వేశాను. పార్సిళ్ళకు వేసే ఎర్ర లక్క కరిగించి, మెషీనుకు ఖాళీగా ఉన్న యూఎస్‌బీ రంధ్రాలన్నిటినీ మూయించి, మీద మా దుకాణం ముద్ర కొట్టించాను. ముద్ర చెదిరితే పోలీసు స్టేషనుకు పోతాను.

నా మెషీన్లో వేరే డిస్కు లేదు. నేను పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు. శివరాత్రి ఉపవాసం విడిచి చెబుతున్నాను.

ఇట్లు,
కన్యకమ్మ.

తా.క. ఒక్క రంధ్రానికి మాత్రం లక్క వేయించలేదు. అక్కడ స్వామి ఉన్నాడు. ఆ దారిన నువ్వెట్లా దూరుతావో ఆయనే చూసుకుంటాడు.


కడప,
10 మార్చి, సోమవారం.

కన్యకమ్మ గారికి, నమస్కారం.

మీ లక్క వల్ల నాకు వచ్చిన నష్టం లేదు. నా డిస్కు ఆ కిటికీల్లోంచి రాదు. నిన్న మధ్యాహ్నం కూడా కరెంటు పోయింది, నేను వచ్చాను, మీ మెషీను లేపాను, పోయాను. మీ ముద్రలు చెక్కుచెదరలేదు. చూసుకోండి.

మోసం అని రాశారు. అంతకుముందు మా నాయన పేరు కూడా ఎత్తారు. అమ్మా, నిన్న మా మేనమామ కూతురి నిఖా. పళ్ళెం ముందు కూర్చుని మొదటి ముద్ద ఎత్తబోతుంటే మీ మెషీను ఆగిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చెయ్యి కూడా కడుక్కోకుండా ఆఫీసుకు పరుగెత్తాను. పెళ్ళికూతురు కన్నా ముందు నేను వెళ్ళిపోయానని ఇంట్లో అందరూ ఇప్పటికీ ఆడిపోసుకుంటున్నారు. దానికి నాకు దక్కిన బిరుదు మోసగాడు. మా నాయన మోచేతులదాకా గ్రీసు పూసుకుంటే కనిపించిన కష్టం, నేను చేతులకు అంటకుండా చేస్తే కనిపించదా?

ఇక డిస్కు. అది ఉంది. లేదని మీరు ఎంత గట్టిగా రాసినా ఉంది. నా తెర మీద రోజూ నన్ను వెక్కిరిస్తోంది. తీయించండి. అది తీసిన రోజు నుంచి మీకు నాతో పనే ఉండదు, నాకూ ఈ ఉత్తరాలు రాసే పని ఉండదు.

ఇట్లు,
హబీబు.

తా.క. స్వామి ఫొటో మెషీనుకు గాలి ఆడే చోట అంటించకండి. గోడకు పెట్టుకోండి.


వేంపల్లె,
12 మార్చి, బుధవారం.

గొప్ప ఇంజనీరు హబీబు గారి సముఖానికి, చదువు లేని కన్యకమ్మ విన్నవించుకునేది.

లేని డిస్కును పెట్టేది తమరే. లేని డిస్కును చూసేదీ తమరే. కోల్డ్ స్టోరేజిలో కళ్ళెదుట ఉన్న కన్యకమ్మ మాత్రం తమరి కంటికి ఆనదు.

కిటికీల్లోంచి రావడం లేదని తమరే సెలవిచ్చారు. అయితే దొడ్డిదారి ఎక్కడుందా అని మెషీను చుట్టూ తిరిగి చూశాను. తమరు చెప్పిన పచ్చ దీపం దగ్గరే ఉంది. ఆ వైరు ఊడబెరికి, చుట్ట చుట్టి, నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక పెళ్ళి విందుల్లో తమరు కడుపునిండా తినవచ్చు.

వైరు పీకింది మొదలు మెషీను ఒక్కసారి కూడా ఆగలేదు. ఇన్నాళ్ళూ ఎవరు ఆపుతున్నారో దీంతో తేలిపోయింది. ఈ పొద్దు సుంకమ్మ వచ్చి కాయ ముట్టుకుని చూసుకుంది. "సల్లగ ఉండాయి" అని నవ్వుకుంటూ పోయింది.

ఇట్లు,
తమరికి కనిపించని
కన్యకమ్మ.

తా.క. ఎవరో పెద్ద నాయకుడు ఈ రోడ్డున పోతాడని నిన్నటి నుంచి కరెంటు తీయడం లేదు. అది వేరే విషయం.


వేంపల్లె, మీ గేటు ముందు,
14 మార్చి, శుక్రవారం.

కన్యకమ్మ గారికి,

ఉరుకుందు మంచం మీద కూర్చుని రాస్తున్నాను. తా.క. చదివిన వెంటనే బస్సెక్కాను. నాయకుడు నిన్న రాత్రే దాటిపోయాడట. పొద్దున కరెంటు పోయిందట. మెషీను తెల్ల గీత ఆడిస్తూ కూర్చుందట. లోపల కాయలు వేడెక్కుతున్నాయి. గేటు తీయమంటే ఉరుకుందు "అమ్మ తీయద్దనింది అన్నా. నువ్వు మంచోనివే, గానీ తీయను" అంటున్నాడు.

రమ్మన్నారు, వచ్చాను. గేటు తీయించండి.

హబీబు.


(అదే కాగితం వెనక)

హబీబుకు,

డిస్కు తెచ్చావా? చేత్తో పట్టుకునేది, కంటికి కనిపించేది?

కన్యకమ్మ.


కన్యకమ్మ గారికి,

తేలేదు. ఇన్నాళ్ళూ లేని డిస్కుతో పని చేసి చేసి, ఉన్న డిస్కును సంచిలో వేసుకోవడం మరిచిపోయాను. నకలు కడపలో ఉంది. నేనూ కడపలోనే ఉండి, వైరు మీ మెషీనుకే ఉండి ఉంటే ఈపాటికి లేపేవాణ్ణి. మీరు రమ్మన్నారని వచ్చాను, వచ్చాను కాబట్టి ఇప్పుడు ఏమీ చేయలేను.

హబీబు.

తా.క. నవ్వకండి. గోడ అవతల నుంచి వినిపిస్తోంది.


హబీబుకు,

నవ్వింది నేను కాదు, జనరేటరు. డిస్కు లేకుండా వచ్చినవాడికి లోపల ఏం పని?

కన్యకమ్మ.


కన్యకమ్మ గారికి,

సరే, నన్ను రానివ్వొద్దు. మీరే మెషీను వెనక్కి పోయి, ఏ రంధ్రంలో ఏముందో చూసి రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి, చాలు.

హబీబు.


హబీబుకు,

లక్క. లక్క. లక్క. స్వామి. లక్క. చాలా?

కన్యకమ్మ.


కన్యకమ్మ గారికి,

స్వామి అంటే ఏమిటి? రంధ్రం మీద అంటించిన బొమ్మా?

హబీబు.


హబీబుకు,

బొమ్మ కాదు, ఆంజనేయస్వామి. బొటనవేలంత ఉంటాడు. కర్నూల్లో చదివే మా మనవరాలు హరిత తెచ్చింది. పాదాల కింద పలచటి రేకు ఉంటుంది, దాన్ని ఆ రంధ్రంలోకి దోపింది. "అవ్వా, దీంట్లో దండకం కూడా ఉండాది" అంది. మెషీను నడిచేటప్పుడు ఆయన తోక చివర నీలం దీపం వెలుగుతుంది. పూజారి వచ్చి మంత్రం చెప్పి పెట్టాడు. రోజూ సిందూరం పెడతాను. ఆయన సంగతి నీకెందుకు?

కన్యకమ్మ.


అమ్మా,

ఆ స్వామే డిస్కు.

అది పెన్‌డ్రైవు. దాంట్లో దండకం ఉంది గాని మెషీను లేవడానికి కావలసింది లేదు. కరెంటు వచ్చినప్పుడల్లా మీ మెషీను ముందు ఆయన దగ్గరికే పోయి నిలబడిపోతోంది. ఇంతకాలం నేను చూసింది ఆయననే. డిస్కు లేదని మీరు ఒట్టేసింది కూడా ఆయన పక్కన నిలబడే.

ఇక ఏం చేయాలో మీకు తెలుసు. ఆ మాట నా చేత్తో రాయను. స్వామిని తీసేయమని హబీబు రాశాడంటే, ఆ కాగితం రేపు నాలుగు రోడ్ల కూడలిలో చదువుతారు.

హబీబు.


హబీబుకు,

స్వామిని డిస్కు అన్నావు. దాని సంగతి తర్వాత.

మంత్రం చెప్పి పెట్టిన దేవుణ్ణి ఉద్వాసన చెప్పకుండా కదిలించకూడదు. చెప్పాల్సిన పూజారి పెళ్ళి చేయించడానికి ప్రొద్దుటూరు పోయాడు. నువ్వు చెప్పవు, నేను తీయను. పో, నీ లేని డిస్కు ఏమైనా చేయగలిగితే చేయించు.

కన్యకమ్మ.

తా.క. అక్షరాలు వంకరపోతున్నాయి. భయం కాదు, కోపం.


కన్యకమ్మ గారికి,

మా ఆఫీసులో శిరీన్ అని ఒకమ్మాయి ఉంది. ఫోన్ చేసి నకలు సిద్ధం చేయమన్నాను. ఆమెకు ఇది కొత్త, అందుకే ఈ బస్సు పట్టుకుంటున్నాను. దారి పొడుగునా ఫోన్లో చెబుతూ పోతాను. మీరు చేయాల్సింది ఒక్కటే. బీరువా తెరవండి, పచ్చ దీపం దగ్గర వైరు పెట్టండి. నన్ను ఎంత తిట్టినా ఫరవాలేదు, వైరు మాత్రం పెట్టండి.

హబీబు.


కడప బస్సులో,
అదే రోజు.

కన్యకమ్మ గారికి హబీబు రాయునది.

ఇప్పుడే ఉరుకుందు ఫోన్ చేశాడు. "అన్నా, లేచ్చాంది! కంప్రెసరు ఆడ్తాంది!" అని అరిచాడు. బస్సంతా వినబడింది. ఎదురుగా వస్తున్న వేంపల్లె బస్సును ఆపించి, ఈ కాగితం ఆ కండక్టరు చేతికిస్తున్నాను.

అమ్మా, ఇకనైనా ఒప్పుకోండి. పొట్టు బస్తాలన్నారు, మోసమన్నారు, దొడ్డిదారన్నారు. చివరికి సుంకమ్మ గారి తోటను కాపాడింది ఆ లేని డిస్కే. శిరీన్ మొదటిసారే, అదీ నా సాయం లేకుండా చేసింది. ఆమెకు ఫోన్ కలవక నేనొక్క ముక్క కూడా చెప్పలేకపోయాను. మీరు క్షమాపణ రాయాల్సింది నాకు కాదు, ఆ పిల్లకు రాయండి.

ఇట్లు,
ఒప్పందం ప్రకారం వచ్చి సరిచేసిన ఇంజనీరు,
హబీబు.

తా.క. భోజనం పెడతామన్నారు. గేటు బయట మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.


వేంపల్లె,
15 మార్చి, శనివారం.

హబీబుకు కన్యకమ్మ రాయునది.

నీ విజయ పత్రిక అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి కూర్చుండిపోయాను.

వైరు ఇంకా నా బీరువాలోనే ఉంది. తాళంచెవి నా నడుముననే ఉంది. నీ మీద కోపంతో తెరవలేదు. కాబట్టి మెషీనును లేపింది నువ్వు కాదు, శిరీనూ కాదు, కడప డిస్కూ కాదు.

నీ బస్సు మలుపు తిరగకముందే సుంకమ్మ వచ్చింది. పొద్దుటి నుంచి కరెంటు లేదని విని కమలాపురం నుంచి పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గర ఉరుకుందు ఆమెను ఆపలేదు, ఆపమని నేనూ చెప్పలేదు. గది తలుపు తీసి చూసింది. కాయ ముట్టుకుంది. మెషీను గదిలోకి వచ్చి నా ముందు నిలబడింది. స్వామి సంగతి, డిస్కు సంగతి, ఉద్వాసన సంగతి, ప్రొద్దుటూరు పెళ్ళి సంగతి అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ నీదే తప్పని చెప్పాను.

అంతా విని, "స్వామి ఆడ ఉన్నంతసేపూ నా కాయకు సల్లదనం రాదా?" అని అడిగింది.

రాదంట అన్నాను.

మెషీను వెనక్కి పోయి చేతులు జోడించి, "రవ్వంత పక్కకు జరుగు సామీ" అంది. రెండు వేళ్ళతో పట్టుకుని లాగి, కళ్ళకద్దుకుని, కొంగున ముడేసుకుంది. ఉరుకుందు దండం పెట్టి బటన్ నొక్కాడు. మెషీను లేచింది. ఉద్వాసన లేకుండా దేవుణ్ణి కదిలిస్తావా అని నేను కేకలు వేశాను. ఆమె నా వైపు తిరిగింది.

"ఇన్ని దినాల నుంచి మీరిద్దరూ కాగితాలు రాసుకుంటాండారు. ఆయప్ప ఎట్ల లేపినా నాకు పర్వాలేదు. నువ్వు ఎవుర్ని మొక్కినా పర్వాలేదు. నా చెట్లు యాడ పోవాల కన్యకమ్మా?"

హబీబూ, ముప్పై ఏళ్ళుగా ఈ గద్దె మీద కూర్చుని ఎంతమంది నోళ్ళు మూయించానో నీకు తెలుసు. ఆ మాటకు కేకలు ఆపి ఆమె వెంట కాయల గదిలోకి నడిచాను. అట్లా నడిచినందుకు ఇంకా కోపం వస్తోంది.

తలుపు పక్క వరసలో కొన్ని కాయలు మెత్తబడ్డాయి. మిగతావి బాగున్నాయి, ఉగాది దాకా నిలుస్తాయి. మెత్తబడినవి ఆమే కూర్చుని ఏరుకుంది. నేనూ పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చింది గాని, ఏరుతున్నంతసేపూ నా ముఖం చూడలేదు. స్వామిని తిరిగి ఇమ్మని నేను అడగలేదు. ఆమె కొంగుననే కమలాపురం పోయాడు.

పోతూ పోతూ నాతో ఒట్టు వేయించుకుంది. తన సరుకు గది దాటేదాకా నేను నీకు కాగితం రాయకూడదు. ఈ ఒక్కటి రాసుకుంటానని అడిగి రాస్తున్నాను.

ఇది చదివి ముగించేసరికి వైరు పెట్టించి ఉంటాను. కరెంటు పోయినప్పుడు కడప నుంచే రా, వద్దనను. కానీ వచ్చే ముందు ఫోన్ చేసి, "అమ్మా, లోపలికి వస్తాండా" అని ఒక మాట అను. పరాయి ఇంట్లోకి చెప్పకుండా దూరేవాణ్ణి ఏమంటారో మీ నాయనను అడుగు. ఆ ఒక్క మాట మొదటి రోజే అని ఉంటే ఇంత లక్క ఖర్చయ్యేది కాదు.

శిరీన్‌కు నా దీవెనలు. ఆ పిల్ల ఏమీ చేయకపోయినా నీకంటే నయం.

ఇట్లు,
కన్యకమ్మ.

తా.క. ఆ లక్క ఎంత గీకినా రావడం లేదు. కత్తితో గీకాలా, వేడి చేయాలా, నాకు తెలియడం లేదు. జవాబు రాయొద్దు. సోమవారం మొదటి బస్సుకు పానా, చేత్తో పట్టుకునే డిస్కు రెండూ తెచ్చుకుని రా. గేటు తీసే ఉంటుంది. కాగితం మీద పట్టని తిట్లు ఇంకా శానా ఉన్నాయి. ముందు అవి తిని, తర్వాత ఉగ్గాని తిందువు.